పొద్దుగూకినంక ఎత్తిన సైకిలు

ఆ సాయంత్రం బూర్గంపాడు బస్టాపులో, ఇక అడవిదారుల్లో సైకిలు తొక్కడం మానేద్దామనే కూర్చున్నాను. వాగు అడ్డమొచ్చిన ప్రతిచోటా ఆ గేర్ల సైకిలును భుజాన మోసి నా నడుం పడిపోయింది. పక్కన ఒక ముసలాయన, కావడిబద్ద ఒళ్లో పెట్టుకుని బస్సు కోసం చూస్తున్నాడు.

"ఇరవయ్యొక్క గేర్లు పెద్దాయనా. ఎలుగుబంటి తరిమితే, చుట్టు తిరిగొచ్చి నేనే దాన్ని తరిమిన," అన్నాను.

"అవ్, అది గూడ గట్లనే చెప్పింది," అన్నాడు నవ్వకుండా. సైకిలును కాస్త ఎత్తి దించాడు. "కొన్ననాడు ఎత్తి చూసినవా?"

"చూసిన. పొద్దుగాల, షాపుల."

"గదే తప్పు. కావడిబద్దను మేం పొద్దుగూకినంక, పని చేసి అలిసినంక ఎత్తి చూస్తం. అప్పుడు బరువనిపియ్యకుంటెనే తెచ్చుకుంటం."

ఇంతలో బస్సు రావడంతో ఆయన వెళ్లిపోయాడు.

నెల తర్వాత, ఒళ్లంతా అలిసిన ఒక సాయంత్రం ఖమ్మంలో షాపుకు వెళ్లాను. ఒకే గేరున్న తేలిక ఫ్రేము సైకిలు చూపించి, షాపతను తొక్కి చూడమన్నాడు. తొక్కలేదు. భుజానేసుకుని షాపు మెట్లు రెండుసార్లు ఎక్కి దిగాను.

ఆదివారం దాంతోనే మళ్లీ అడవికి పోయాను.