ఒక్క తుమ్ముకు రెండు రిటర్నులు

సర్కారును మోసం జేసి నోటీసు తెచ్చుకున్నోళ్ళను మీరు మస్తుమందిని చూసుంటరు. సర్కారుకు మర్యాద ఎక్కువ జేసి తెచ్చుకున్నదాన్ని నేనొక్కదాన్నే. గా దెబ్బకు ఇంటి పెత్తనమే పోయేటిది, వినుండ్రి.

ఎనభైలల్ల ముచ్చట. అమీర్‌పేట సడక్ మీద మాకు మూడు ముల్గీలు, అంటే దుకాణాలు. వాటి కిరాయితోటి ఇంటి పిల్లలందరు సదువుకోవాలని మా మామ ట్రస్టు రాయించిండు. దాని పెత్తనం మా ఆయనది, ఆయన పోయినంక నాది. మా మరిది యాదగిరికి గది గొంతుల ముల్లు.

"వదినా, నీకు సంతకం తప్ప అక్షరం రాదు. ఒక్క తప్పు జేస్తే పెత్తనం నాకియ్యాలె."

"చేస్తే తీస్కో" అన్న. నాది నోరు గాదు, మూత లేని కుండ.

పంజగుట్టల హమీద్ భాయ్ మా టాక్స్ కాయితాలు రాసేటోడు. ఆ యేడు రిటర్ను రాసిచ్చి, "ఒళ్ళు కాలుతుందక్కా, నువ్వే పోయి ఆఫీసుల ఇచ్చి రా" అన్నడు. పోయిన. క్లర్కు ముద్ర లేపిండు, తుమ్మిండు, గుద్దిండు.

ఒక్క తుమ్ము. మీకెరికే గద, ఒక్కటైతే అపశకునం, రెండైతే శుభం. నేను కదల్లే.

"ఏందమ్మా, అయిపోయింది, పో."

"సారూ, జర ఇంకోటి తుమ్మరాదు."

"తుమ్మమంటే వస్తదా?"

"నస్యం తెప్పియ్యనా?"

ఎనకున్న లైనోళ్ళు నన్ను బయటికి నూకిన్రు.

ఇంటికొచ్చిన గని బువ్వ దిగలే. ఎటన్న బయల్దేరుతుంటె తుమ్మితే ఎనక్కొచ్చి, కాళ్ళు గడుక్కొని మళ్ళ బయల్దేరమా? కాయితానికి సుత గంతే అనుకున్న. హమీద్ భాయ్‌కి చెప్తే నవ్వుతడని, అమీర్‌పేటల ఇంకో రైటరును పట్టి గదే లెక్క కొత్త కాయితం మీద దింపించిన. మంచి గడియ జూసి, తలకు పోసుకొని, పక్క కిటికీల ఇచ్చిన. ఎవ్వరు తుమ్మలే. గుండె మీది బండ దిగింది. దిగిన బండ కాళ్ళ మీద పడ్డదని కొన్నాళ్ళకు ఎరికైంది.

నోటీసొచ్చింది. హమీద్ భాయ్ చదివి, కండ్లద్దాలు తుడిచి, మళ్ళ చదివిండు.

"అక్కా, మీ మామ ఎన్ని ట్రస్టులు పెట్టిండు?"

"ఒక్కటే."

"సర్కారు రెండంటుంది. ఒకదానికి పన్ను గట్టిన్రు, రెండోదానిదేది అంటుంది."

తుమ్ము ముచ్చట చెప్పిన. బల్ల మీద తల పెట్టి కుదిలిపోయిండు. ఏడుస్తుండనుకొని నీళ్ళు తెచ్చిచ్చిన.

యాదగిరికి ఎట్ల తెలిసిందో, నేను, హమీద్ భాయ్ టాక్స్ ఆఫీసర్ తాన్కి పోయేనాడు ఇస్త్రీ అంగీ ఏసుకొని బస్టాపుల నిలబడ్డడు. "పెత్తనం తీస్కుందామని వచ్చిన వదినా." ఎంట రమ్మన్న. ఇచ్చిన మాటాయె.

ఆఫీసర్ రెండు రిటర్నులు పక్కపక్కన పెట్టిండు. "రెండోసారి ఎందుకిచ్చినవమ్మా?"

"మీ క్లర్కు ఒక్కసారే తుమ్మిండు సారూ."

ఆయన పెన్ను కింద పెట్టిండు. హమీద్ భాయ్ అంతా విడమర్చి చెప్తుంటె, కిటికీ దిక్కు మర్లి భుజాలు ఊపుకుంట విన్నడు. ఆఖరికి, "సరే. రెండోది పొరపాటున ఇచ్చిన, రద్దు చెయ్యుండ్రి అని అర్జీ ఇయ్యి. రెండు కాపీలు" అన్నడు.

హమీద్ భాయ్ రెండు కాపీలు రాసి సంతకానికి నా ముందట పెట్టిండు. "రెండా? రెండిచ్చినందుకే గద గీ లొల్లి?"

"ఒకటి ఫైలుకు, ఒకటి పై ఆఫీసుకు."

"ఒక్కదాని మీదనే పెడ్త. రెండోదానికి మళ్ళ నోటీసొస్తే?"

"రాదమ్మా."

నమ్మబుద్ధి గాలే. మరిది దిక్కు మర్లిన.

"యాదగిరీ, ఇగ పెత్తనం నీదే. రెండోదాని మీద నువ్వు పెట్టు. నోటీసొస్తే నీ పేరు మీదొస్తది" అని పెన్ను అందిచ్చిన.

తేలును చూసినట్టు చూసిండు. "నాకెందుకొదినా. పెద్దదానివి, నీ చేతులనే ఉండనీ. నాకు బేగంపేటల పనుంది" అని మెట్లు దిగిండు. అడగందే అమ్మయినా పెట్టదంటరు. అడిగినోడికి పెట్టబోతే ఉరికిండు.

రెండు సంతకాలు నేనే పెట్టిన. నోటీసు రద్దయింది, పెత్తనం నిలిచింది. పోచమ్మ తల్లి మీద ఒట్టు, గా దినం సంది సర్కారుకు ఏదైనా ఒక్కసారే ఇస్తున్న. ఓటు సుత.