పనిమనిషి గెలిచే రకం

ఇటాలియన్ ఒపేరాల్లో రకాలెన్నో చెప్పమంటే గుక్క తిప్పుకోకుండా చెబుతాను. చూసినవి ఎన్నని మాత్రం అడక్కండి. పోయిన నెల మా సింగపూర్ తెలుగువాళ్ల నెలవారీ సభలో, యూ టీ పేటలో ఉండే మిత్రుడు వైన్ల మీద ఉపన్యాసం దంచి చప్పట్లు కొట్టించుకున్నాడు. ఆ చప్పట్లు నా చెవుల్లోంచి పోలేదు. ఈ నెల వంతు నాది. ఆదివారం, సెంగ్‌కాంగ్‌లో మా ఫ్లాట్‌లోనే. పన్నెండు మంది తెలుగువాళ్లు, నలభై స్లైడ్లు.

చిక్కల్లా మా ఇంట్లో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆవిడతో వచ్చింది. నా ఈడు మనిషే. ఆదివారం ఆవిడ సెలవు. పైగా ఆ రోజు నాలుగింటికి చర్చిలో మొదటిసారి ఒక్కతే నిలబడి పాడాలట. రెండు వారాలుగా వంటింట్లో పాడుకుంటుంటే, నా ఒపేరా చదువుకి అడ్డమని తలుపు మూయించాను. "ఈ ఒక్క వారం సర్దుకో, వచ్చే వారం రెండు రోజులు తీసుకో" అన్నాను, దానకర్ణుడిలా. ఆవిడ తిరిగి గిన్నెలు తోముకోసాగింది. ఒప్పుకుందనుకున్నాను.

మూడింటికి మొదలుపెట్టాను. "ఒపేరా సీరియా అంటే రాజులు, దేవతలు, త్యాగాలు. ఒపేరా బుఫా అంటే నౌకర్లు, పిసినారి ముసలాళ్లు, నవ్వులు."

"ఓస్, మన పౌరాణికం, సాంఘికం లాగానా?" అన్నాడు వైన్ల మిత్రుడు. నలభై స్లైడ్లనూ రెండు ముక్కల్లో తేల్చేశాడు, వాడి దుంపతెగ!

"అంత తేలిక కాదు" అని గొంతు పెంచాను. "బుఫాలో పనిమనిషి యజమానిని బోల్తా కొట్టిస్తుంది. పెద్దవాళ్ల డాంబికాన్ని ఉతికి ఆరేసే కళ అది!" అంటూనే వంటింటి వైపు తిరిగి, పునుగులు తెమ్మని చిటికె వేశాను. ఎవరూ రాలేదు.

తెనాలి నుంచి వచ్చి మా దగ్గరుంటున్న అత్తగారు చెయ్యెత్తారు. "అల్లుడుగారూ, ఇందులో పనిమనిషే గెలుస్తుందన్నారు కదూ?"

"అవునండీ, దాదాపు ఎప్పుడూ."

"హమ్మయ్య. అయితే మీరేం అనుకోరు. ఆ అమ్మాయిని ఇందాకే నేను పంపించేశాను. ఈపాటికి ట్రైనెక్కేసుంటుంది. ఒక వాయి పునుగులు నూనెలో వేసొచ్చాను. మాడిపోతాయి, మీరెళ్లి తీయండి."

అత్తగారి మాటకి పడినన్ని చప్పట్లు వైన్లకి కూడా రాలేదు. వంటింట్లోకి వెళ్లాను. జల్లిగరిటె ఎక్కడుంటుందో తెలియక అరలన్నీ వెతికాను. రెండు వారాలు ఆవిడ ఇక్కడే నిలబడి పాడింది. ఆ పాట ఎలా ఉంటుందో గుర్తుచేసుకుందామంటే ఒక్క ముక్క గుర్తు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. పునుగులు మాడాయి.