డ్రాయింగులో లేని టైరు ముక్కలు

మొన్న ఆళ్ళగడ్డ దగ్గర మా చెల్లెలి వాళ్ళ చేలో పప్పుశనగ నూర్పిడి జరుగుతుంటే చూడబోయాను. ఏ కంపెనీదో కొత్త మిషన్, రంగు మెరిసిపోతోంది గానీ గింజ మాత్రం విరిగి పప్పయి పడుతోంది. మా మరిది దాని మీద రాసిన నంబరుకు ఫోన్ చేస్తే, అవతల ఒకమ్మాయి ఎంతో మర్యాదగా ఫిర్యాదు నమోదైందని చెప్పి, తన సేవకు అయిదు మార్కులు వేయమని అడిగింది. అయిదేం ఖర్మ, ముందు మనిషిని పంపితే పదైనా వేద్దుమనుకున్నాను. అక్కడే నాకు మా మేనమామ గుర్తుకొచ్చాడు.

మేము పనిచేసే రోజుల్లో నంద్యాలలో నూర్పిడి మిషన్లు తయారుచేసే కంపెనీ ఒకటుండేది. ఆఫీసులో నేను టైపిస్టును, వెనుక షెడ్డులో మా మామ ఫిట్టరు. చదివింది అయిదో తరగతే అయినా, చప్పుడు విని ఏ బోల్టు వదులైందో చెప్పేసేవాడు. ఆ షెడ్డులో ఒక ఆనవాయితీ ఉండేది. ఏ మిషన్ అమ్ముడుపోయినా దానితోపాటు ఒక ఫిట్టరు వెళ్ళి, మొదటి నూర్పిడి అయ్యేదాకా ఆ రైతు కల్లంలోనే ఉండి, వాళ్ళింట్లోనే ఇంత తిని, వచ్చేటప్పుడు మిషన్‌లో పడిన గింజలను తువ్వాలు కొసన మూట కట్టుకుని తెచ్చేవాడు. మర్నాడు పొద్దున్నే వాటిని బల్ల మీద పోసి, షెడ్డంతా చుట్టూ మూగి, విరిగినవెన్ని, తొక్క లేచినవెన్ని అని ఏరి చూసేవాళ్ళు. తెలియనివాళ్ళు చూస్తే పెళ్ళికి బియ్యం ఏరుతున్నారనుకునేవాళ్ళు.

ఒకసారి దొర్నిపాడు నుంచి మామ తెచ్చిన మూటలో సగానికి సగం పప్పే ఉంది. ఇవి విత్తనానికి పనికిరావని ఆ రైతు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట, అది తలచుకుని మామ ఆ రోజు అన్నం ముట్టలేదు. వారం రోజులు ఏవేవో చేసి చూసి, చివరికి పాత లారీ టైరు కోసి, దెబ్బ మెత్తగా తగిలేలా ఆ ముక్కలను మిషన్ లోపల కాయలను కొట్టే డ్రమ్ము ఇనుప పళ్ళకు బోల్టులతో బిగించాడు. మళ్ళీ అదే కల్లానికి వెళ్ళి తెచ్చిన మూటలో గింజలు గుండుగా, చెక్కు చెదరకుండా ఉన్నాయి. వాటిని వేయించి అందరికీ పంచాడు. నా వాటా టైపు మిషన్ పక్కన పెట్టుకుని ఎంత గర్వంగా తిన్నానో చెప్పలేను. ఆ తర్వాత పాణ్యం నుంచి ఆళ్ళగడ్డ దాకా రైతులు మా మిషన్ల కోసం కాచుకునేవాళ్ళు.

తర్వాత హైదరాబాదు పెద్ద కంపెనీ ఒకటి మా కంపెనీని కొన్నది. కొత్త మేనేజరు చెడ్డవాడని అనలేను, ఖర్చు తగ్గించమని పైవాళ్ళు అన్న మాటే ఆయన నోట వచ్చింది. మొదట ఫిట్టర్లు కల్లాలకు వెళ్ళడం మాన్పించారు. ఆ పైన మిషన్ల తయారీని వేరే రాష్ట్రంలో ఒక కాంట్రాక్టరుకు అప్పగించి షెడ్డు మూసేశారు. మీ ఉద్యోగం ఇక లేదని షెడ్డువాళ్ళందరికీ వెళ్ళిన ఉత్తరాలు టైపు చేసింది నేనే. మా మామ పేరు దగ్గర మూడుసార్లు తప్పు కొట్టాను, నాలుగోసారి సరిగ్గా కొట్టక తప్పలేదు. ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "నువ్వు కొట్టినావు కదా పాపా, తప్పులుండవులే" అన్నాడు. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

కాంట్రాక్టరు తన చేతికిచ్చిన డ్రాయింగు ప్రకారమే మిషన్లు చేశాడు. టైరు ముక్కల సంగతి ఆ డ్రాయింగులో ఎక్కించాలని మాలో ఎవరికీ తోచలేదు, అది షెడ్డువాళ్ళ చేతుల్లోనే ఉండిపోయింది. ఆ శనగ పంటకు అమ్మిన మిషన్లన్నీ వరసగా వెనక్కి వచ్చాయి. మేనేజరు మా మామను బతిమాలి తీసుకురమ్మని నన్నే పంపాడు. వెళ్ళొద్దని మా అత్త తెగేసి చెప్పింది. వెళ్ళకపోతేనే బాగుండునని నాకూ లోపల ఉంది. మామ మాత్రం, "కంపెనీ మీది కోపం రైతు మీద చూపిస్తే ఎట్ల? వాళ్ళు విత్తనాలు యాడ తెచ్చుకోవల్ల?" అని చెప్పులేసుకుని బయల్దేరాడు. కాంట్రాక్టరు దగ్గరే వారం రోజులుండి అతని మనుషులకు అంతా నేర్పి, కొలతలు డ్రాయింగులో రాయించి మరీ వచ్చాడు. ఇక ఉద్యోగం తిరిగి ఇస్తారని నేను ఆశపడ్డాను. శాలువా కప్పి పంపారు.

నాకు ఏడుపొచ్చింది గానీ ఆయన ఆ శాలువాను అత్త చేతిలో పెట్టి, "ఇనుం పని ఎవురన్నా చేస్తారులే పాపా. కల్లం కాడికి ఎవురు పోతారనేదే నా దిగులు" అన్నాడు. అంత పెద్ద మనసున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

కంపెనీ దివాలా తీయలేదు, బాగానే నడిచింది. రిటైరయ్యేదాకా నేనూ అక్కడే పనిచేసి, ధరల పట్టీలు, క్షమాపణల ఉత్తరాలు లెక్కలేనన్ని టైపు చేశాను. షెడ్డు ఉన్న రోజుల్లో, మా మిషన్‌లో ఫలానా మార్పు చేశాము, వచ్చి చూడండి అని రైతులకు రాసే ఉత్తరం ఏడాదికొకటైనా నా చేతి మీదుగా వెళ్ళేది. షెడ్డు మూశాక, అలాంటి ఉత్తరం ఒక్కటంటే ఒక్కటి టైపు చేసే భాగ్యం నాకు కలగలేదు.