దుడ్డె పొట్టమీద పన్నెండు గీతలు

ఆ ఉదయం బాలత్రిపురసుందరి పాలగిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆండాలు కొలతతో పాలు పోస్తోంది. రెండో కొలత వంచుతుండగా ఆమె చూపుడువేలు మీద, బొటనవేలి మొదట్లో పొక్కులు కనబడ్డాయి. గుండ్రంగా, గట్టిగా, మధ్యలో చిన్న గుంటతో. ఆరేళ్లుగా బాలత్రిపురసుందరి రోజూ చూస్తున్న పొక్కే అది. కాకపోతే ఇన్నాళ్లూ దూడల చర్మం మీదా, ఫొటోల్లోనూ చూసింది. మనిషి వేళ్లమీద చూడటం అదే మొదటిసారి.

గిన్నె జారిపోయింది. పాలన్నీ మెట్లమీద.

అది 1979. మన దేశంలో మశూచి లేదని ప్రకటించి రెండేళ్లు దాటింది. టీకాలు కూడా ఆపేస్తున్నారు. అలాంటి రోజుల్లో మాదన్నపేటలో, తన గుమ్మంలో, తన ఇంటికి పాలు పోసే చేతిమీద ఆ పొక్కు. ఇదంతా ఆవిడే నాకు చెప్పింది.

లోపల్నించి తల్లి శారదాంబ వచ్చి, పొద్దున్నే పాలు ఒలకబోస్తే ఎలాగే అని చీవాట్లు పెట్టింది. బాలత్రిపురసుందరికి అదేం వినబడలేదు.

"ఆండాలూ, చెయ్యి ఇలా చూపించు."

"ఏం లేదమ్మా. జర పొక్కులు లేసినయ్. అమ్మ పోసినట్టున్నది, యాపాకు నూరి పెట్టిన. గట్ల జూస్తున్నరేంది?"

"జ్వరం ఉందా?"

"రెండు దినాలు కాసింది. ఇప్పుడు మంచిగనే ఉన్న."

"పాపకి టీకా వేయించావా?"

ఆండాలు నవ్వింది. పాపకు ఎనిమిదో నెల. టీకా కోసం పోతే, ఆ రోగమే లేదు, ఇక అక్కర్లేదని చెప్పి పంపేశారట.

బాలత్రిపురసుందరి ఎవరో చెప్పాలి. వాళ్ల నాన్న వీరరాఘవరావు కాకినాడ మనిషి. రాష్ట్రం ఏర్పడగానే గుమాస్తా ఉద్యోగం మీద ఇక్కడికొచ్చి, మాదన్నపేటలో ఒక వాటా అద్దెకు తీసుకుని, ఇక్కడే పోయాడు. కూతురు ఎమ్మెస్సీ చదివి ఒక టీకామందుల సంస్థలో చేరింది. మశూచి విభాగంలో ఎనిమిదిమంది ఉంటే ఆడమనిషి ఆవిడొక్కతే. రోజుకు వంద కోడిగుడ్లు ముట్టుకుని వచ్చే పిల్ల పెరట్లో స్నానం చేస్తేగానీ వంటింట్లోకి రాకూడదని శారదాంబ శాసనం. ఆ గుడ్లు తినడానికి కాదమ్మా, వాటిలో వైరస్ పెంచుతాం అని చెబితే, మరీ ఘోరం అందట.

నాకూ మొదట్లో ఘోరంగానే అనిపించింది. మశూచి టీకామందు ఎక్కడ తయారవుతుందో నాకు తెలీదు. ఏదో గాజుసీసాల్లో అనుకున్నాను. బర్రెదూడ పొట్టమీద పండించేవారట. ఇక్కడి మాటలో చెప్పాలంటే దుడ్డె పొట్టమీద. దుడ్డెని బల్లకి కట్టి, పొట్టమీద వెంట్రుకలు గొరిగి, కడిగి, సన్నటి మొనతో నిలువుగా గీతలు గీసి, ఆ గీతల్లో టీకా వైరస్ రాస్తారు. అది మశూచికి దూరపు చుట్టం, మనిషిని చంపదు. అయిదో రోజుకి ఆ గీతలవెంట పొక్కులు పొంగుతాయి. వాటిని గీకి తీసినదే మందు. మనందరి జబ్బమీద ఉన్న మచ్చ అక్కణ్ణుంచి వచ్చిందే. ఇది విన్నరోజు నేను చొక్కా చెయ్యి పైకి లాగి నా మచ్చని చూసుకుంటూ కూర్చున్నాను.

ఆ గీతలు గీసే పని బాలత్రిపురసుందరిది. ఒక్కో దుడ్డెకి పన్నెండు.

పాలగిన్నె జారడానికి మూడు వారాల ముందు, ఇక తయారీ ఆపేయమని సంస్థకి ఉత్తర్వు వచ్చింది. అప్పటికి ముందురోజే ఆరు దుడ్డెలకి ఆవిడ గీతలు గీసేసింది. నియమం ప్రకారం వాటిని చంపి, గుంతలో సున్నం వేసి పూడ్చాలి. అది దగ్గరుండి చూసి రిజిస్టర్లో సంతకం పెట్టాల్సింది ఆవిడే. కానీ సాయంత్రం విభాగానికి వీడ్కోలు సభ. డైరెక్టర్ శ్రీహరిరావు ఆవిడని పిలిచి పూలదండలు, లడ్డూలు, ప్రార్థనగీతం సంగతి చూడమన్నాడు. ఆడవాళ్లయితే చక్కగా చూసుకుంటారని కూడా అన్నాడు. ఆవిడ దండలకోసం బేగంబజార్ దాకా పరుగెత్తి వచ్చేసరికి, పశువుల కొట్టంలో పనిచేసే కొండల్ రిజిస్టర్ తెచ్చి ముందు పెట్టాడు. ఆరూ పూడ్చేశామన్నాడు. ఆవిడ నిలబడే సంతకం చేసి ప్రార్థన పాడటానికి వెళ్లింది.

ఆ కొండల్ ఆండాలు మొగుడే.

మళ్లీ పాలు ఒలికిన ఆ బుధవారానికి వద్దాం. ఆండాలుని ఇల్లు కదలొద్దని, పాలు ఎవరికీ పోయొద్దని చెప్పి, పొక్కుమీది చెక్కు కొంచెం సీసాలోకి తీసుకుని బాలత్రిపురసుందరి సంస్థకి వెళ్లింది. శ్రీహరిరావు సీసా వంక, ఆవిడ వంక చూసి లేచి తలుపు వేశాడట. మశూచి అనే మాట ఈ గది దాటకూడదు, మూడు రోజుల్లో తేల్చమన్నాడు.

తేల్చే పద్ధతి వింటే సులువే. పన్నెండు రోజులు పొదిగిన గుడ్డుకి చిన్న కిటికీ కోసి, లోపలి పొరమీద ఆ చెక్కు కలిపిన నీళ్లు వేస్తారు. సగం గుడ్లు ముప్పై అయిదు డిగ్రీల పెట్టెలో, సగం నలభై డిగ్రీల పెట్టెలో పెడతారు. మశూచి నలభైలో పెరగదు. టీకా వైరస్ పెరుగుతుంది. అంతే తేడా. ఆ అయిదు డిగ్రీల మీద ఒక ఊరి ప్రాణం.

గురువారం ఆగలేక ఆవిడ ఆండాలు ఇంటికి వెళ్లింది. కూరగాయల మార్కెట్ వెనక రేకుల కొట్టం, రెండు బర్రెలు. పాప తొడమీద ఒకే ఒక్క పొక్కు. జ్వరం లేదు, పాలు తాగుతోంది. బర్రె పొదుగు మీద చూస్తే అక్కడా పొక్కులే. బర్రె పక్కన ఒక దుడ్డె నిలబడి ఉంది. దాని పొట్టమీద వెంట్రుకలు ఇంకా పూర్తిగా మొలవలేదు.

బాలత్రిపురసుందరి ఆ పేడలోనే మోకాళ్లమీద కూర్చుని కిందికి వంగి చూసింది. మానిన గీతలు. పన్నెండు. ఏడో గీత మిగతావాటికన్నా పొట్టి. ప్రతి దుడ్డే ఏడో గీత దగ్గరే కాలు జాడించేది, ఆవిడ ప్రతిసారీ అక్కడే చెయ్యి వెనక్కి తీసుకునేది. ఎవరి చేతిరాత వాళ్లకి తెలియదా. తను సంతకం పెట్టి పూడ్పించిన దుడ్డె తన ముందు నిలబడి నెమరేస్తోంది.

గుమ్మంలో కొండల్. డ్యూటీకి పోకుండా ఇంట్లోనే ఉన్నాడు.

"బర్రె చేపుతలేదు మేడం. దాని దుడ్డె సచ్చిపోయింది. పక్కన ఒక పిల్ల నిలబడకుంటే సుక్క పాలియ్యదు."

"అందుకని దీన్ని తెచ్చావా?"

"పొక్కుల తల్లి పోచమ్మను పొట్టమీద మోసింది గదా. దాన్ని నా చేత్తోని ఎట్ల సంపుత?"

ఆవిడ ఒక్కొక్కటే కలుపుకుంటూ పోయింది. దుడ్డె తన పొట్ట తను నాకింది, ఆ నోటితో బర్రె దగ్గర కుడిచింది, ఆ బర్రెని ఆండాలు పితికింది, ఆ చేతులతో పాపని ఎత్తుకుంది. అంతా సూటిగా ఒక దారిలో వచ్చింది. ఆ దారి మొదట్లో ఉన్నది తన సంతకం.

శనివారం పెట్టెలు తెరిచారు. నలభై డిగ్రీల గుడ్లలో, పొరమీద, పెద్ద పెద్ద తెల్లటి మచ్చలు. మశూచి కాదు. గుడ్డు చేతిలో పట్టుకునే ఆవిడ ఏడ్చేసింది. పక్క బల్లమీద పనిచేసే ఉమాపతి ఏమైందని కంగారుపడితే, ఏం లేదు, టీకా అంది.

ఆ ఏడుపులో రెండున్నాయి. ఒకటి ఊరు బతికిందని. రెండోది, సోమవారం పదకొండింటికి ఇంటర్వ్యూ ఉందని. విభాగం మూతపడ్డాక ఆ ఎనిమిదిమందికీ మిగిలింది కొత్త వైరస్ విభాగంలో ఒకే ఒక్క రీసెర్చి ఆఫీసర్ పోస్టు. అది రాకపోతే పరిశోధన అక్కడితో ఆఖరు. అందరికంటే ఎక్కువ పని తెలిసింది ఆవిడకే, వస్తుందని అందరూ అనుకుంటున్నారు. ఇప్పుడు రిపోర్టులో ఒక గడి నింపాలి, వైరస్ ఎక్కణ్ణుంచి వచ్చిందని.

శ్రీహరిరావు మంచిగానే చెప్పాడు. "మూలం తెలియదు అని రాసెయ్యమ్మా. రోగం కాదని తేలింది కదా, ఇక ఎవరికి నష్టం? సోమవారం సంగతి గుర్తుందా?"

ఆవిడ బల్లదగ్గర గంటసేపు కూర్చుంది. తర్వాత రాసింది. "ఈ సంస్థలో గీతలు గీసిన దూడ. పూడ్చినట్టు సంతకం నాది. నేను చూడకుండా చేశాను." కొండల్ పేరు ఎక్కడా లేదు. శ్రీహరిరావు చదివి, కాగితం బోర్లా పెట్టి, ఇంటికి వెళ్లమన్నాడు.

ఆదివారం సాయంత్రం కొండల్ వచ్చాడు. లోపలికి రాలేదు. పాలు ఒలికిన ఆ మెట్లదగ్గరే నిలబడ్డాడు.

"నా పేరు రాసిండ్రట గదా మేడం."

"లేదు. సంతకం నాది, నా పేరే రాశాను."

కొండల్ మెట్టుమీద కూలబడ్డాడు. రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఇగ దాస్తే పాపం తగుల్తది. నాది ఒక్కటే గాదు మేడం. ఆరిట్ల ఒక్కటి గూడ గుంతల లేదు."

"మరి గుంతలో ఏం పూడ్చారు?"

"మన్ను."

వెనక తలుపు దగ్గర వింటున్న శారదాంబ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మిగతా అయిదింటినీ కొట్టంలో పనివాళ్లు తలా ఒకటి తోలుకుపోయారట. కొన్ని చుట్టాల ఇళ్లకి. అన్నీ పాతబస్తీలోనే, అన్నీ పాలిళ్లకే. ఎవరికీ చంపడానికి చెయ్యి రాలేదు. ఆవిడ గనక మూలం తెలియదని రాసి ఉంటే, ఆ అయిదు దుడ్డెలూ అయిదు కొట్టాల్లో కుడుస్తూ ఉండేవి, ఎవరో ఒకరి చెయ్యి పొక్కినప్పుడు మశూచి వచ్చిందని ఊరు గొల్లుమనేది. ఆ సంగతి ఆవిడకి రాసేటప్పుడు తెలీదు.

తర్వాత జరిగింది క్లుప్తంగా చెప్తాను. దుడ్డెలన్నీ దొరికాయి. రెండు కొట్టాల్లో బర్రెల పొదుగులకి అప్పటికే పొక్కులు లేచాయి, ఒక ఇంట్లో పాలు పితికే కోడలి వేలికి మొదలైంది. ఎవరికీ ప్రాణాపాయం లేదు. దుడ్డెలని చంపలేదు. సంస్థ కొట్టంలో విడిగా కట్టి, మానాక ఎవరివి వాళ్లకి ఇచ్చేశారు. అది కూడా ఆవిడ పట్టుబట్టి రాయించిందే. ఆండాలు పాప తొడమీద మచ్చ ఉండిపోయింది. టీకాలు ఆగిపోయాక టీకా పడ్డ పిల్ల అదొక్కటేనేమో, అదీ బర్రె వేసింది అంటుంది ఆవిడ. పోస్టు ఉమాపతికి వచ్చింది. ఆవిడకి మెమో వచ్చింది, గుడ్ల గదిలో టెక్నీషియన్ పని దొరికింది. ఇవాళ అక్కడ వైరస్ పని నేర్చుకునే ప్రతివాడూ ముందు ఆవిడ దగ్గర గుడ్డు పట్టుకోవడం నేర్చుకోవాలి. నేనూ అలాగే వెళ్లాను.

ఇంటర్వ్యూ గురించి మాత్రం ఉమాపతి చెప్పాడు. సోమవారం సరిగ్గా పదకొండింటికి ప్యూన్ వరండాలోకి వచ్చి బాలత్రిపురసుందరి అని మూడుసార్లు పిలిచాడట. ఆ పేరు పొడుగు, ఒక్కోసారి పిలవడానికి ఒక్కో దమ్ము పట్టిందట. బెంచీమీద ఉన్నవాళ్లెవరూ తలెత్తలేదు.

ఆ పదకొండింటికి ఆవిడ పాతబస్తీలోని జహనుమాలో, ఒక రేకుల కొట్టంలో, పేడలో మోకాళ్లమీద ఉంది. కొండల్ దుడ్డె ముందుకాళ్లు పట్టుకున్నాడు. ఆవిడ దాని పొట్టకింద తలపెట్టి పైకే లెక్కపెడుతోంది.

"అయిదు, ఆరు, ఏడు." అక్కడ ఆగింది. "ఏడోది పొట్టి. ఇది మనదే కొండల్."