చేతికి కట్టిన నల్లరాయి

పెళ్ళినాడు మా మామ నా చేతికి రాతి వాచీ కట్టాడు. ముఖమూ చట్రమూ ఒకే నల్లరాయి. మధ్యలో రెండు ముళ్ళు. అంతకు రెండేళ్ళ ముందు పెద్దల్లుడికి బంగారు పూత వాచీ కట్టాడు. ఆ తేడా పందిట్లో అందరూ చూశారు. మా పెదనాన్న ఊరుకోలేదు.

"ఏమప్పా, మీ మామ చేతికి అమ్మికల్లు కట్టినాడే, మసాలా నూరేదానికా?"

నవ్విన వాళ్ళు ఎవరెవరో నాకు ఇప్పటికీ గుర్తే. మామ కూడా నవ్వాడు.

అది ఎప్పుడు పగులుతుందా, తీసుకెళ్ళి ఆయన ముందు పెడదామా అని కాచుకున్నాను. సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేసే మగ్గాలు నడిపేవాణ్ణి. పొద్దున బస్సులో కమ్మీ పట్టుకుంటే రాయి మణికట్టుకు చల్లగా తగిలేది. మగ్గం ఇనుముకు ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కలేదు. ఇనుము మీద రంగు లేచిపోయింది గాని రాయి మీద గీత పడలేదు. పత్తి దుమ్ము పట్టినా పంచె కొసతో తుడిస్తే మళ్ళీ అదే నలుపు. తోలు పట్టీలు మాత్రం నాలుగు తెగాయి. ఒకసారి నీళ్ళ తొట్టి గట్టు మీద పడి మూల పెచ్చు లేచింది. సంతోషపడ్డాను. కానీ ముళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. అంత చిన్న పెచ్చు పట్టుకుని పంచాయితీకి వెళ్ళడం నామోషీ అనిపించింది.

బ్యాంకులో ఫ్యాను కింద కూర్చునే పెద్దల్లుడి వాచీకి చెమటకే పూత పోయింది. ఆయన దాన్ని బీరువాలో పెట్టేశాడు.

పన్నెండేళ్ళకు మేము ఇల్లు కట్టుకున్నాం. గృహప్రవేశం భోజనాల దగ్గర అడిగేశాను.

"ఆయనకు తంగం పూత, నాకు రాయి. ఏమి మామా ఇది?"

మామ పాయసం తింటున్నాడు. తల ఎత్తలేదు.

"వాడు కూచొని పనిచేసేవాడు. నువ్వు తరికాడ, మగ్గం ముందర నిలిచేవాడు. పిల్లను చూడ వచ్చినప్పుడు నువ్వే కదా చెప్పినావు, మీ నాయన వాచీ తరిలో తగిలి పగిలిపోయిందని. దానికే మదురై దాకా పోయి వెతికి తెచ్చినా."

"అప్పుడే చెప్పుంటే?"

"నువ్వు అడగలేదు కదా, మాపిళ్ళె."

రాయి బరువుగా ఉందని మాత్రం అన్నాను.

"అట్లనా, ఇంకో చేతికి మార్చి కట్టు."

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మదురైలో ఎండలో అంగడి అంగడీ ఎక్కి దిగుతూ ఆయన ఎలా తిరిగి ఉంటాడో అనుకుంటూ రాయిని పంచె కొసతో తుడుస్తుంటాను. అయినా ఆ మాట పందిట్లో, నవ్విన వాళ్ళందరి ముందు చెప్పి ఉండవలసింది. అందులో నేను తగ్గను.