మామిడిపళ్ళ గదిలో నా గొంతు

పోయిన వారం మా ఊరి కాలేజీ వాళ్ళు వచ్చి, ఉద్యోగాన్నీ ఇంటినీ రెండింటినీ నెగ్గుకొచ్చిన మనిషిగా ఆడపిల్లలకు నాలుగు మాటలు చెప్పమని అడిగితే అలాగేనన్నాను. తీరా కాగితం ముందేసుకుని కూర్చునేసరికి, పక్కింటివాళ్ళు వరిగడ్డిలో మాగవేసిన చిన్న రసం మామిడిపళ్ళ వాసన కిటికీలోంచి వచ్చింది. అందరికీ నోరూరించే ఆ వాసనకు నాకు మాత్రం వెన్నులో చలి పుడుతుంది. అదెందుకో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నా ఈడు వాళ్ళకైతే చెప్పుకోవచ్చు.

ఎనభైలలో నేను నూజివీడు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటర్ని. నంబరు తిప్పితే ఢిల్లీ పలికే రోజులు కావవి. ట్రంక్ కాల్ బుక్ చేసుకుని, గంటలకొద్దీ కాచుకుని, చివరికి లైను దొరికి నాలుగు మాటలు మాట్లాడేలోగా, మూడు నిమిషాలు అయ్యాయంటూ మధ్యలో మా గొంతు వినపడితే హడలిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మామిడి సీజను వచ్చిందంటే చాట్రాయి నుంచీ చింతలపూడి నుంచీ తోటలవాళ్ళూ, వాళ్ళ సరుకు కోసం ఉత్తరాది షావుకార్లూ ఒక్కసారిగా మీద పడేవారు. అయినా నేను ఒక్కరినీ విసుక్కోలేదు. హలో అన్న మాటతోనే మనిషిని పోల్చేదాన్ని. నా గొంతు వింటే లైను దొరక్కపోయినా కోపం రాదని షావుకార్లు మా ఆఫీసరుతో చెప్పారట. మా పుట్టింట్లోనూ అత్తింట్లోనూ ఉద్యోగం చేసిన మొదటి ఆడదాన్ని నేనే మరి, ఆ మాటకు ఎంత పొంగిపోయానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆ మెత్తదనమంతా హెడ్‌ఫోను తీసేసరికి అయిపోయేది. ఆరేళ్ళ మా అమ్మాయి కొంగు పట్టుకుని ఏదో చెప్పబోతే, ఉండవే, చెవులు హోరెత్తిపోతున్నాయి అని కసిరేదాన్ని. కొన్నాళ్ళకు అది కొంగు పట్టుకోవడం మానేసింది. పిల్లకు బుద్ధి వచ్చిందని సంతోషించాను కూడా.

ఆ ఏడాది సూపర్‌వైజరు పదోన్నతికి నా పేరు వెళ్ళింది. సీజనంతా సెలవు పెట్టకుండా చేస్తే మీకే వస్తుందన్నారు ఆఫీసరు. సరిగ్గా అప్పుడే ఒకరోజు పొద్దున్నే నేను బయల్దేరుతుంటే మా అత్తగారు గుమ్మం దగ్గర ఆపి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "నిన్న మధ్యాహ్నం గానీ ఇంటికొచ్చావా ఏంటి?" అని అడిగారు. రాలేదన్నాను. ఆవిడ మొహం పాలిపోయింది. "మొన్న కూడా విన్నానమ్మా. పళ్ళగదిలో నువ్వు మాట్లాడుతున్నావు. తలుపు తీస్తే పిల్ల ఒక్కతే ఉంది. ఎండవేళ ఏదో గాలి సోకినట్టుంది, పిల్లకు తాయెత్తు కట్టిస్తాను." దయ్యాలను నమ్మని నేను నవ్వేసి వెళ్ళాను గానీ, ఆ రోజు ఎక్స్ఛేంజీ బోర్డు ముందు నోరు విప్పిన ప్రతిసారీ, ఇదే గొంతు అక్కడ మా ఇంట్లోనూ పలుకుతోందేమోనని ఒళ్ళు జలదరించింది.

మర్నాడు భోజనం వేళ చెప్పకుండా ఇంటికి వెళ్ళాను. రోహిణి ఎండకు వీధిలో కుక్క కూడా లేదు. అత్తగారు వసారాలో కునుకు తీస్తున్నారు. పళ్ళు మాగడానికి గాలి చొరకుండా మూసి ఉంచిన ఆ చీకటిగది దగ్గరకు వెళ్ళేసరికి, లోపల్నుంచి నా గొంతు వినిపించింది. ఆ నిదానం, మాట చివర ఆ మెత్తదనం, అంతా నాదే.

"లైన్లు ఖాళీ లేవండీ. బుకింగులో ఉంచుతాను, కాస్త ఓపిక పట్టండి."

తర్వాత సన్నగా, మా అమ్మాయి సొంత గొంతు. "మా అమ్మతో మూడు నిమిషాలే అండీ. అర్జెంటు."

మళ్ళీ నా గొంతు. "అలాగేనమ్మా, మీ కాల్ నాకు గుర్తుంది."

అంతకుముందు అత్తగారు ఊరెళ్ళినప్పుడు రెండు మూడు రోజులు పిల్లను ఎక్స్ఛేంజీకి తీసుకెళ్ళి పక్కన కూర్చోబెట్టుకున్నాను. నా కమ్మని గొంతు అది విన్నది అక్కడే.

తలుపు తోశాను. గడ్డి మీద కూర్చుని, చెవికి కొబ్బరిచిప్ప ఆనించుకుని ఉంది. చిట్టితల్లీ, నేను వచ్చానే అన్నాను. అది ఉలిక్కిపడలేదు, నవ్వలేదు. చిప్పకు చెయ్యి అడ్డం పెట్టి, నా గొంతుతోనే నాతో అంది, "కాల్ నడుస్తోందండీ. మధ్యలో మాట్లాడకూడదు."

ఆ చీకట్లో, ఆ తీపివాసనలో, నా బిడ్డ దగ్గర నాకంటే మంచి అమ్మ ఒకతె కూర్చుని ఉందనీ, నేనే బయటిదాన్ననీ తెలిసింది. పిల్లను ఎత్తుకుని బయటికి తీసుకురావలసింది. ఆ పూటకు సెలవు పెట్టి పక్కలో పడుకోబెట్టుకోవలసింది. రెండింటికి డ్యూటీ ఉంది. సీజను అయ్యాక చూద్దాంలే అనుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాను.

పదోన్నతి వచ్చింది. వానలు పడి గది ఖాళీ అయ్యేసరికి ఆ గొంతూ ఆగిపోయింది. అంతా తాయెత్తు మహిమేనన్నారు అత్తగారు. నేనూ హమ్మయ్య అనుకున్నాను.

ఇప్పుడు ఆపరేటర్లు లేరు, ఎంతసేపు కావాలంటే అంతసేపు మాట్లాడుకోవచ్చు. ఏలూరులో ఉన్న మా అమ్మాయి రోజూ ఫోను చేసి, మందులు వేసుకున్నావా, కాళ్ళనొప్పులు తగ్గాయా అని ఎంతో ఓపికగా అడుగుతుంది. నా తోటివాళ్ళు, చెప్పిందే ఎన్నిసార్లు చెబుతావంటూ కూతుళ్ళు తమ మీద అరుస్తారని వాపోతూ, నీదే అదృష్టమంటారు నన్ను. నేను కావాలనే అడిగిందే అడుగుతాను, చెప్పిందే మళ్ళీ చెబుతాను. అది విసుక్కోదు. నిదానంగా, మెత్తగా, మొదటిసారి విన్నట్టే జవాబు చెబుతుంది. ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు. ఒక్కసారి దాని సొంత గొంతుతో నా మీద అరిస్తే చాలునని, ఫోను చెవికి ఆనించుకుని ఎదురుచూస్తూనే ఉన్నాను.