అమ్మమ్మ తప్పు అందించిన రోజు

భూమ్మీద ఇంతవరకు ఎవరూ సొంతంగా మాట్లాడలేదు. అందరికీ వెనకనుంచి మా అమ్మమ్మే మాట అందించింది. కాదనేవాళ్లుంటే రమ్మనండి, కాదనడానికి కావలసిన మాటలు కూడా తనే అందిస్తుంది.

అమ్మమ్మ నాటక సమాజంలో ప్రాంప్టర్. తెర పక్కన స్టూలు మీద కూర్చుని, నటులు మరిచిపోయిన మాట గుసగుసగా చెప్పడం పని. ఆ పనిని ఇంటికీ వీధికీ కూడా తెచ్చుకుంది. డాక్టరు "మీకు..." అనేలోపే, రక్తపోటు ఎక్కువైంది, ఉప్పు తగ్గించాలి అని అందించింది. ఆయన తలూపి అదే రాసిచ్చాడు. పక్కింటి మొగుడూ పెళ్లాలు పోట్లాటలో తడుముకుంటే గోడ మీదుగా చెరో మాటా సాయం చేసింది. పక్షపాతం లేని మనిషి.

ఆ గుసగుసే ఒకసారి కొంప ముంచింది. ఆమె చెల్లెలు, అంటే మా చిన్నమ్మమ్మ, అదే సమాజంలో పెద్ద నటి. వెనకటికి ఒక నాటకంలో మొగుడి చావుకబురు విని మాట రాక నిలబడిపోయింది. జనం కళ్లు తుడుచుకుంటున్నారు. చెల్లెలు మరిచిపోయిందనుకుని అమ్మమ్మ, "అయ్యో అనవే, అయ్యో" అని అందించేసింది. చివరి వరుసదాకా వినబడింది. హాలంతా నవ్వు.

ఆనాటినుంచి అక్కాచెల్లెళ్ల మధ్య మాటల్లేవు, తెర పక్కనుంచి అందించేవి తప్ప. ఊరందరికీ మాటలు అందించే మనిషికి 'తప్పు నాదే' అన్న మాట మాత్రం దొరకలేదు.

ఈమధ్య సమాజంవాళ్లు వేసిన కొత్త నాటకం, ఎడమొహం పెడమొహంగా ఉన్న అక్కాచెల్లెళ్ల కథే. చెల్లెలి వేషం చిన్నమ్మమ్మది. ఆఖర్న అక్క గడప ముందు నిలబడి "తప్పు నాదే అక్కా" అనాలి. రిహార్సల్స్‌లో సరిగ్గా అక్కడే ఆగిపోయేది. ప్రదర్శనలోనూ ఇలాగే ఆగితే ఇక వేషాలుండవని దర్శకుడు మొహం మీదే చెప్పాడు.

ప్రదర్శన రోజు నేను అమ్మమ్మ పక్కన నక్కి కూర్చున్నాను. ఆ ఘట్టం వచ్చింది. చిన్నమ్మమ్మ ఆగిపోయింది. దర్శకుడు అవతలి పక్కనుంచి చేతులు ఊపుతున్నాడు. అమ్మమ్మ గొంతు సవరించుకుంది.

"తప్పు నీదే అక్కా. అయినా నేనే వచ్చాను."

చిన్నమ్మమ్మ ఎదురుగా ఉన్న అక్కను వదిలేసి తెర పక్కనున్న అక్కకేసి చూసింది. తర్వాత ఆ మాటే అంది, ఎక్కడా తడబడకుండా. కాస్త గట్టిగానే అందిలెండి, ఇన్నేళ్లూ దాచుకున్నది కదా. చప్పట్లకు తెర ఊగింది.

నాటకం అయ్యాక ఇద్దరూ ఒకే స్టూలు మీద ఇరుక్కుని టీ తాగుతున్నారు. చిన్నమ్మమ్మ ఏ మాట మొదలెట్టినా అమ్మమ్మే పూర్తి చేసేస్తోంది. నేను ఊరుకుంటానా?

"అమ్మమ్మా, నాకు బుద్ధి తెలిశాక మొదటిసారి తప్పు అందించావు. నాటకంలో అలా లేదుగా?"

"రాసినవాడు తప్పు రాశాడు. నోరు మూసుకుని చిన్నమ్మమ్మకి ఇంకో టీ పట్రా."